ఆపరేషను గదిలోని పొగ

పెద్దాపరేషనుకు బల్లమీద పరుండిన తల్లికి నడుము మొదలు పాదముల వరకు తిమ్మిరియే గాని తెలివి తప్పి యుండదు. వెన్నులో ఇచ్చిన సూదిమందు నొప్పిని అడ్డగించునే గాని చెవిని, ముక్కును అడ్డగింపజాలదు. రొమ్ముపైన అడ్డముగా కట్టిన తెరకు ఇవతల ఆమె ముఖము, అవతల మా చేతులు. బిడ్డ ఏడ్పు కొరకు ఆమె చెవులు రిక్కించుకొని యుండును. ఆ ఏడ్పు వినబడుటకు కొంచెము ముందో వెనుకనో ఎందరో తల్లులు అడిగిన ప్రశ్న యొకటి కలదు. "ఏదో కాలుతున్న వాసన వస్తోంది, ఏమిటి సిస్టర్‌గారూ?" తలాపున నిలిచిన సిస్టరు ఆమె నుదుటిపై చేయి వేసి, "ఏమీ లేదమ్మా, నువ్వు కళ్లు మూసుకో" అనును. తెర కవతలి నుండి నేనును "అవునమ్మా, ఏమీ లేదు" అనుచు వచ్చితిని. స్త్రీల వైద్యురాలిగా నాకు ముప్పది యేండ్లు ఆ మాటతోనే గడచినవి.

శ్రోతలారా, ఆ మాట నిజము కాదు. కాలుచున్నది ఉన్నది. కాలునది ఆ తల్లి శరీరములోని సన్నని రక్తనాళముల కొనలే. రక్తము పోకుండ ఆపుటకు మేము వానిని విద్యుచ్ఛక్తితో మాడ్చి మూయుచుందుము. ఇది చికిత్సలో భాగము. దానిని తలచి ఏ తల్లియు భయపడనక్కరలేదు. ఆమె ఆ గదిలో ఉండునది ఒక గంట. ఆమె నుదుటిపై చేయి వేసిన సిస్టరు మాత్రము ఆ పొగలో ఉదయము ఎనిమిది గంటలకు ప్రవేశించి, నాలుగైదు ఆపరేషనులు ముగిసిన పిదప గాని వెలుపలికి రాదు. మరునాడు మరల అంతే. అట్లు ఇరువది, ముప్పది యేండ్లు. నేను చెప్పవచ్చినది ఆమెను గురించి, ఆమెవంటి వారిని గురించి.

రేడియో శబ్దమును మోయును గాని వాసనను మోయజాలదు. ఈ ప్రసంగము వరకు అది మీ అదృష్టమే. అయినను వాసన యెట్టిదో చెప్పక తప్పదు. సంధ్యాదీపము పెట్టుచు వంగినపుడు జడకొన మంటకు తగిలి చురుక్కుమన్నచో ఇల్లంతయు నొక వాసన కమ్మును గదా, దానికి కొంత కమురు కలిసినట్లుండును. క్రొత్తగా థియేటరులో అడుగుపెట్టిన విద్యార్థులు కొందరు దానికి కడుపు త్రిప్పి గోడను పట్టుకొని నిలబడుట నేనెరుగుదును. నెల దినములు గడచినచో వారికే ఆ వాసన తెలియదు. తెలియకపోవుట వేరు, లేకపోవుట వేరు అని వారికి చెప్పువారెవరును లేరు. నాకును ఎవరును చెప్పలేదు.

శరీరమును కాల్చి నయము చేయుట మనకు క్రొత్త విద్య కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో పండ్రెండవ అధ్యాయము అగ్నికర్మకే కేటాయింపబడినది. పిప్పళ్లు, మేకపెంటికలు, ఆవుపన్ను, బాణము, లోహపు శలాకలు, తేనె, బెల్లము, నేయి మున్నగు వానిని కాచి, శరీరములో నేభాగమును దేనితో కాల్చవలెనో అందు చెప్పబడినది. చర్మము సరిగా కాలినదనుటకు ఆ గ్రంథము చెప్పిన గురుతులు మూడు: శబ్దము పుట్టుట, దుర్గంధము, చర్మము ముడుచుకొనుట. అనగా ఆ వాసనను ఆనాడే గమనించి వ్రాసిపెట్టిరి. అంతకంటె వింత యేమనగా, ఆ అధ్యాయపు చివరి భాగముననే పొగ తగిలి బాధపడువాని లక్షణములు వర్ణింపబడినవి. ఊపిరి ఎగబీల్చుట, తుమ్ములు, దగ్గు, కన్నుల మంట, కన్నులెర్రబడుట, పొగవాసన తప్ప మరియొక వాసన తెలియకపోవుట. అక్కడ ఉద్దేశింపబడినది సాధారణముగా అగ్ని వలన కలుగు పొగయే గాని వైద్యుని శలాక నుండి లేచు పొగ యని నేననను. కాని కాల్చుటను గురించియు పొగను గురించియు ఒకే అధ్యాయములో చెప్పిన ఆ క్రమము చూచినపుడు నాకు కొంచెము సిగ్గు వేసినది. మా చదువులో మొదటిది నేర్పిరి, రెండవది నేర్పలేదు.

ఇప్పుడు మేము వాడునది నిప్పులో కాచిన శలాక కాదు. పెన్సిలువంటి యొక పిడి, దాని కొనను చిన్న లోహపు రేకు, దానికొక తీగ, ఆ తీగ చివర నొక యంత్రము. పిడిమీది మీట నొక్కినను, క్రింద కాలితో మీట త్రొక్కినను విద్యుత్తు ప్రవహించును. థియేటరులో దీనిని కాటరీ అని కొందరు, డయాథెర్మీ అని కొందరు పిలుతురు. అమెరికాలో నేటికిని "బోవీ" అనుట కలదు. అది యొక మనిషి పేరు. విలియం బోవీ అను భౌతికశాస్త్రవేత్త హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉండగా ఇట్టి యంత్రము నొకదానిని తయారుచేసెను. మెదడు శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన హార్వే కుషింగ్ దానిని 1926 అక్టోబరు 1వ తేదీన బోస్టన్ నగరములోని పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో ఉపయోగించెను. ఆ రోగి తలపై నున్న కంతిని కొన్ని దినములకు ముందే తీయబోయి, రక్తస్రావము మితిమీరుటచే మధ్యలో ఆపివేయవలసి వచ్చినది. బోవీ యంత్రముతో ఆ కంతినే తీసివేయగలిగిరి. దానితో అంతవరకు చేయి పెట్టుటకు సాహసింపని చోట్లకు శస్త్రవైద్యులు వెళ్లగలిగిరి. బోవీ తన హక్కులను ఒకే యొక డాలరుకు అమ్మివేసెనని చెప్పుదురు.

రేడియో పెట్టె యున్న ఇంటివారికి ఈ యంత్రపు మర్మము తేలికగా బోధపడును. మన ఇండ్లలో దీపములు వెలిగించు విద్యుత్తు సెకనుకు 100 పర్యాయములు దిశ మార్చుకొనును; అది తగిలిన కండరములు గిలగిల కొట్టుకొనును, గుండె ఆగవచ్చును. అదే విద్యుత్తు సెకనుకు కొన్ని లక్షల పర్యాయములు దిశ మార్చుకొన్నచో నరములు, కండరములు దానిని గుర్తింపజాలవు. వేడి మాత్రము పుట్టును. కాటరీ యంత్రము పనిచేయునది ఈ ప్రాంతముననే. మీడియం వేవ్ ప్రసారములు నడచునదియు ఇంచుమించు ఈ ప్రాంతముననే. కనుక అది యిదియు ఒక కుటుంబములోనివే. పిడి కొనవద్ద ఆ వేడి యంతయు సూదిమొనంత చోట కేంద్రీకరించును. కణములలోని నీరు ఒక్క క్షణములో మరగి ఆవిరియై కణములను బ్రద్దలు కొట్టును. మాంసము తెగును. రక్తనాళము ముడుచుకొని మూతబడును. బ్రద్దలైన కణముల సారమంతయు గాలిలోనికి లేచును. అదియే పొగ.

ఆ పొగలో నూటికి 95 పాళ్లు నీటి ఆవిరియే. మిగిలిన 5 పాళ్లలోనే చిక్కంతయు నున్నది. అందు బెంజీను, టొలుయీను, ఫార్మాల్డిహైడు, హైడ్రొజన్ సయనైడు, కార్బన్ మొనాక్సైడు మొదలగు పదార్థములు కనుగొనబడినవి. బెంజీను, ఫార్మాల్డిహైడు పుట్టకురుపును కలిగింపగలవని స్థిరపడినవే. ఇక వాయువులు గాక కణములు. పొగలోని కణముల పరిమాణమును మైక్రానులలో కొలుతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక లావు సుమారు 70 మైక్రానులు. విద్యుత్ కాటరీ పొగలోని కణము సగటున 0.07 మైక్రాను. అనగా వెంట్రుకలో వెయ్యవ వంతు. అయిదు మైక్రానుల లోపు కణములు ముక్కులోని వెంట్రుకలకును, గొంతులోని జిగురుకును చిక్కక ఊపిరితిత్తుల చివరి గదుల వరకు పోగలవు. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టముతో ఊది ఊది దగ్గు తెచ్చుకొన్న తల్లులు మన ఇండ్లలో ఎందరో కలరు. వారి ఊపిరితిత్తులలోనికి పోయినదియు ఇట్టి సన్నని మసియే. ఆ వంటయింటికి పొగగొట్టము పెట్టవలెనని, గ్యాసుపొయ్యి తేవలెనని నలుగురికిని తోచినది. గోడలు తెల్లగా, నేల అద్దమువలె నుండు ఆపరేషను గదికి పొగగొట్టము కావలెనని మాత్రము తోచలేదు. శుభ్రముగా నున్న చోట గాలి కూడ శుభ్రముగానే యుండునని మనస్సు నమ్మును.

ఈ పొగ ఎంత చెడ్డది? ఇచ్చట నేను జాగ్రత్తగా మాటలాడవలెను. 1981లో జపాను శాస్త్రజ్ఞులు ఒక గ్రాము మాంసమును కాల్చి, ఆ పొగను చల్లార్చి, అందలి సారము సూక్ష్మజీవుల వంశబీజములను ఎంతవరకు చెడగొట్టునో పరీక్షించిరి. లేజరుతో కాల్చిన పొగ మూడు సిగరెట్లకును, విద్యుత్తుతో కాల్చినది ఆరు సిగరెట్లకును సమానమని తేలినది. 2012లో ఇంగ్లండులోని కొందరు వైద్యులు తమ ప్లాస్టిక్ సర్జరీ థియేటరులో రెండు మాసములు లెక్కపెట్టి, కాటరీ రోజుకు సగటున 12 నిమిషముల 43 సెకనులు మాత్రమే నడచుచున్నదనియు, అయినను ఆ గదిలో పుట్టు పొగ 27 మొదలు 30 సిగరెట్ల పొగకు సమానమనియు ప్రకటించిరి. ఈ అంకెలు విని, ప్రతి నర్సును రోజుకు ముప్పది సిగరెట్లు త్రాగుచున్నదని అనుకొనరాదు. ఆ లెక్క గదిలో పుట్టిన పొగ మొత్తమునకు. ఒకరి ముక్కులోనికి పోయిన దానికి కాదు. పత్రికలలో ఈ తేడా తరచుగా మరుగుపడుచున్నది.

రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. అమెరికాలో 86,000 మందికి పైగా నర్సులను ఏండ్ల తరబడి గమనించిన యొక పెద్ద పరిశీలన 2007లో వెలువడినది. థియేటరులో చిరకాలము పనిచేసిన నర్సులకు ఊపిరితిత్తుల పుట్టకురుపు ఇతర నర్సులకంటె హెచ్చుగా వచ్చినట్లు అందు కనబడలేదు. ఇది సంతోషింపదగిన మాట. దీనిని దాచి భయపెట్టుట ధర్మము కాదు. కాని పుట్టకురుపు ఒక్కటే రోగమా? థియేటరు సిబ్బందిని అడిగి తెలిసికొన్న పరిశీలనలలో కన్నుల మంట, గొంతు నస, దగ్గు, తలనొప్పి మాటిమాటికి వినవచ్చుచున్నవి. రోజూ తలనొప్పితో ఇల్లు చేరు మనిషికి పుట్టకురుపు రాదులే అని చెప్పుట ఒక ఊరట కానేరదు.

ఇక నా శాఖకు చెందిన సంగతి యొకటి. పులిపిరులు కలిగించు వైరసు ఒకటి కలదు. అందులో కొన్ని జాతులు స్త్రీల గర్భాశయ ముఖమున పుట్టకురుపునకు కారణమగును. అట్టి పులిపిరులను లేజరుతో కాల్చినపుడు లేచు పొగలో ఆ వైరసు వంశపదార్థము చెక్కుచెదరక యున్నదని 1988లో అమెరికా వైద్యులు చూపిరి. 1991లో నార్వే దేశమున ఒక లేజరు శస్త్రవైద్యుని స్వరపేటికలో అట్టి పులిపిరులే మొలచిన సంగతి ప్రచురితమైనది. అతడు చికిత్స చేసిన రోగులకు ఉన్నదియు అదే జాతి వైరసు. 2003లో జర్మనీలో స్త్రీల వైద్యశాలలో పనిచేసిన థియేటరు నర్సుకు అదే వ్యాధి కలుగగా, అది వృత్తి వలన వచ్చిన రోగమేనని అధికారులు అంగీకరించిరి. ఇట్టివి వ్రేళ్లమీద లెక్కింపదగినవే. అయినను ఆ జర్మను నర్సు స్థానములో నిలిచి అట్టి కేసులలో నా చేతికి పిడి అందించిన వారి ముఖములు నాకు గుర్తున్నవి.

వారిలో ఒకామె కథ చెప్పెదను. పేరు చెప్పను, ఊరును చెప్పను. 1990 ప్రాంతములలో నేనొక ఆసుపత్రిలో పనిచేయుచున్నపుడు ఆమె థియేటరు సిస్టరు. నాకంటె పదియేండ్లు పెద్దది. గర్భసంచి తీయు ఆపరేషనులు ఎక్కువగా జరుగుచుండెడివి. అవి దీర్ఘమైనవి, పొగయు ఎక్కువ. ఒకనాడు నేను కాటరీ పట్టుకొనియుండగా ఆమె రక్తము పీల్చు సక్షను గొట్టమును తెచ్చి, నా పిడి కొనకు రెండంగుళముల దూరమున పట్టుకొన్నది. పొగ చాలవరకు ఆ గొట్టములోనికి పోవుచుండెను. నాకు మాత్రము ఆమె చేయి అడ్డమైనది.

"సిస్టర్, చెయ్యి తియ్యండి. నాకు కనబడటం లేదు" అంటిని.

"పొగ లాగుతున్నా మేడమ్. కళ్లు మండుతున్నాయి. పొద్దున్నుంచీ దగ్గు."

"అలవాటైపోతుంది. ముందు చెయ్యి తియ్యండి."

ఆమె చేయి తీసినది. మరల ఎన్నడును ఆ గొట్టమును అక్కడకు తేలేదు. ఉద్యోగవిరమణ నాటికి ఆమెకు ఉబ్బసము. మెట్లెక్కుటకు నడుమ ఆగవలసి వచ్చుచుండెను. ఆ ఉబ్బసమునకు పొగయే కారణమని నేను చెప్పజాలను. వైద్యురాలిగా అట్లు చెప్పుటకు నాయొద్ద ఆధారము లేదు. కాని కొన్ని సంవత్సరముల పిదప, 1996లో అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ ప్రకటించిన సూచనలు చదివితిని. పొగను పీల్చు గొట్టపు మూతిని పొగ పుట్టుచోటికి రెండంగుళముల లోపల ఉంచవలెనని అందున్నది. రెండంగుళములు! ఏ పుస్తకమును చదువని ఆ సిస్టరు తన కంటిమంటతో కనుగొన్న కొలతయే అది. నేను పుస్తకములు చదివిన దానను. ఆమె చేతిని త్రోసివేసితిని.

మాస్కు ఉన్నది గదా యని మీరడుగవచ్చును. ఆ మాస్కు చరిత్ర చూడుడు. 1897లో బ్రెస్లౌ నగరమున మికులిచ్ అను శస్త్రవైద్యుడు ముక్కు నోరు మూయు పలుచని గుడ్డతో ఆపరేషను చేయసాగెను. ఆ ఊరు ఇప్పుడు పోలండులో నున్నది. మాటలాడునపుడు నోటి నుండి వెడలు తుంపరలలో సూక్ష్మజీవులుండునని ఆ నగరముననే ఫ్లూగె అను శాస్త్రజ్ఞుడు చూపియుండెను. ఆ తుంపరలు రోగి పుండులో పడకుండుటకు ఏర్పడినదే మాస్కు. అనగా అది వైద్యుని నుండి రోగిని కాపాడుటకు పుట్టినది; రోగి నుండి లేచు పొగ నుండి నర్సును కాపాడుటకు కాదు. చెంపల ప్రక్కల నుండి గాలి ధారాళముగా పోవుచుండగా, అయిదు మైక్రానుల లోపు కణములను అది ఆపగలదని ఆశించుట దోమతెరతో ధూళిని ఆపజూచుట వంటిది. 2020లో కరోనా వచ్చినపుడు ఇంటింటికిని తెలిసిన ఎన్-95 మాస్కు దీనికంటె చాల మేలు. ముఖమునకు బిగువుగా అమరినచో సన్నని కణములను నూటికి 95 వంతు ఆపును. కాని అదియు వాయువులను ఆపదు. ఆరుగంటలు దానిని బిగించుకొని పనిచేయుట యెంత కష్టమో ఆ సంవత్సరమున మా వారందరికిని అనుభవమునకు వచ్చినది. అది రెండవ కావలి మాత్రమే.

మొదటి కావలి పొగను పుట్టినచోటనే పట్టుట. దీనికై ప్రత్యేక యంత్రము లున్నవి. సన్నని గొట్టము కాటరీ పిడికే అమరియుండును, లేదా ప్రక్కన పట్టుకొనవచ్చును. మూతి వద్ద గాలి నిమిషమునకు 100 మొదలు 150 అడుగుల వేగముతో లోనికి పోవలెను. లోపలి జల్లెడ 0.12 మైక్రాను కణములలో లక్షకు ఒక్కటి తప్ప అన్నిటిని పట్టును. దాని వెనుక బొగ్గుపొర వాయువులను, వాసనను పీల్చుకొనును. గోడకున్న మామూలు సక్షను దీనితో పోల్చినచో బహు బలహీనము. కొద్దిపాటి పొగకు చాలును గాని హెచ్చు పొగకు చాలదు. దానికిని నడుమ నొక ఫిల్టరు ఉండవలెను; లేనిచో ఆ మసి గొట్టములలో పేరుకొనిపోవును. వాడిన ఫిల్టర్లను చేతితొడుగులు లేక తాకరాదు. రక్తము తడిసిన గుడ్డలవలెనే వానిని పారవేయు పద్ధతి వేరు. ఈ పని సాధారణముగా ఆయా మీదనో వార్డుబాయి మీదనో పడును గనుక ఈ మాట చెప్పుచున్నాను.

కడుపునకు చిన్న రంధ్రములు చేసి, కెమేరాతో చూచుచు చేయు ఆపరేషనులలో పొగ కనబడదని కొందరి భ్రమ. అక్కడ కడుపును కార్బన్ డయాక్సైడు వాయువుతో ఉబ్బింతురు. పొగ యంతయు లోపలనే నిలువచేరును. కెమేరాకు మసక కమ్మినపుడు వైద్యుడు "గ్యాస్ వదలండి" అనును. మూత త్రిప్పగానే కూడియున్న పొగ ఒక్కపెట్టున బుస్సుమని, వంగి నిలుచున్న అసిస్టెంటు ముఖముననే కొట్టును. ఆ మూతకు ఒక ఫిల్టరు గొట్టము తగిలించినచో చాలును.

మరి గదిలోని గాలి మాటయేమి? పెద్ద ఆసుపత్రులలో గంటకు ఇరువది పర్యాయములు గాలి మారునట్లు ఏర్పాటుండును. చిన్న నర్సింగు హోములలో గోడకు బిగించిన ఎయిర్ కండిషనరు గదిలోని గాలినే చల్లబరచి మరల గదిలోనికే వదలును. చల్లగా నున్నది గనుక హాయిగా నుండును. పొగ మాత్రము ఎక్కడికిని పోదు.

ఇంత తెలిసియు ఈ యంత్రములు ప్రతి థియేటరులోను ఎందుకు లేవు? ఖర్చు ఒక కారణము. ఫిల్టర్లు మాటిమాటికి మార్చవలెను. కాని అసలు కారణము అది కాదని నా అభిప్రాయము. యంత్రము హోరుమని శబ్దము చేయును. గొట్టము పిడికి బరువగును. ఈ రెండును శస్త్రవైద్యునికి చికాకు. పీల్చువారు పదిమంది, మీట నొక్కువాడు ఒక్కడు. వద్దను అధికారము ఆ ఒక్కనిదే. "మేమెన్నేండ్లు పీల్చలేదు, మాకేమైనది?" అని పెద్దలందురు. ఏమైనదో ఎవరును పరీక్షింపలేదు గనుక వారికి తెలియదు. అమెరికాలో ఇది సర్జను ఇష్టమునకు వదలరాదని నర్సులే పట్టుబట్టిరి. దాని ఫలితముగా 2018లో రోడ్ ఐలండ్ రాష్ట్రము ఆసుపత్రులలో పొగను తొలగించు ఏర్పాటు తప్పనిసరి యని మొదటి చట్టము చేసినది. కొలరాడో, కెంటకీ, ఇల్లినాయ్ మొదలగు రాష్ట్రములు దానిని అనుసరించినవి.

ఈ ప్రసంగము వినుచున్న ఇండ్లలో ఆడపిల్లను నర్సింగు చదివించుచున్నవారుందురు. థియేటరు టెక్నీషియనుగా పనిచేయు కొడుకున్నవారుందురు. సాయంకాలము ఇంటికి వచ్చినపుడు వారి జుట్టు వాసన మీకు తెలియును. వారిని "మీ గదిలో పొగ లాగే మిషను ఉన్నదా?" యని అడుగుడు. ఉన్నచో "దానిని ఆన్ చేయుచున్నారా?" యని కూడ అడుగుడు. ఈ రెండవ ప్రశ్న ముఖ్యమైనది. యంత్రమును కొని, గుడ్డ కప్పి మూల నిలిపిన థియేటర్లు నేను చూచితిని.

క్రిందటి సంవత్సరము నాయొద్ద చదివిన ఒక అమ్మాయి తన నర్సింగు హోమునకు నన్ను పిలిచినది. చిన్నది, రెండే బల్లలు. పెద్దాపరేషను జరుగుచుండగా తలుపు ప్రక్కన మాస్కు వేసికొని నిలుచుంటిని. పిడికి తెల్లని గొట్టమొకటి వ్రేలాడుచున్నది. నేలమీద చిన్నపెట్టె హోరుమనుచున్నది. పొగ దారమువలె లేచి, అంతలోనే ప్రక్కకు వంగి, గొట్టములోనికి పోవుచున్నది. నాకు వాసన రాలేదు. మొదట నాకు అలవాటై యుండుననుకొంటిని. తరువాత గదిలో నిజముగానే లేదని గ్రహించితిని. తెర కివతల పరుండిన తల్లి తల త్రిప్పి సిస్టరును అడిగినది.

"ఏమిటండీ ఆ హోరు?"

"పొగ లాగే మిషనమ్మా" అన్నది సిస్టరు. "మా కోసం పెట్టారు."